జపానుదేశ చరిత్రవాఙ్మయములు : ఆధారగ్రంథ విమర్శము

జపానుదేశముయొక్క చరిత్రమును, సారస్వతమును, శిల్పమును దెలిసికొనఁగోరువారికి నేఁడు గ్రంథముల కొఱఁత లేదు. ఆంగ్లభాషలోనికిఁ బరివర్తితములైన ప్రాచీనగ్రంథములును, జపానీయులే యన్యదేశీయులకై వ్రాసిన పొత్తములును, పాశ్చాత్యపండితులు రచించిన చరిత్రములును లెక్కకు మిక్కిలిగా నున్నవి. కాని పఠనీయగ్రంథముల పట్టికలు వ్రాయువారు వీని నన్నిటిని నొక్కవరుసను బెట్టుట వాడుక. ఎనిమిదవ శతాబ్దమున రాజాజ్ఞచేతఁ బుట్టిన యితిహాసమును, పదునొకండవ శతాబ్దారంభమున నంతఃపుర పరిచారిక రచించిన కథాగ్రంథమును, 1900 సంవత్సరమున నొక జపానీయుఁ డాంగ్లమున వ్రాసిన చిన్నపొత్తమును నొకదానిప్రక్క నొకటి నిలుచును. మూఁడును జదువఁదగినవే, మూఁటి ప్రామాణ్యము మాత్ర మొక్కతీరుది కాదు. ఏ గ్రంథ మేవిషయమునకు సాక్ష్య మీయఁగలదో, ఏవిషయమున దానిని నమ్మరాదో నిర్ణయించుట విమర్శకుని మొదటిపని. ఆ పని చేసినందులకే యొక మహాపండితుఁడు జపానుదేశమున న్యాయస్థానము నెదుట నిలువవలసివచ్చెను.

నేఁడు లభించు జపానీయ గ్రంథములలో మిక్కిలి ప్రాచీనమైనది 'కొజికి'. ప్రాచీనవిషయముల లేఖనమని దాని పేరున కర్థము. కులములవారియొద్దనున్న వంశావళులు తప్పులతోఁ గూడియున్నవని తలఁచి, తెమ్ము చక్రవర్తి వానిని సరిచూచి హియెద నొ అరె యను ధారణాశక్తిగల పరిచరునిచేత వల్లెవేయించెననియు, పిదప గెమ్మెయి చక్రవర్తిని యాజ్ఞచేత ఓ నొ యసుమరో యనునతఁడు దానిని లిపిబద్ధము చేసి క్రీ. శ. 712వ సంవత్సరమున సమర్పించెననియు నాగ్రంథపీఠికయే చెప్పుచున్నది. గ్రంథము మూఁడు సంపుటములు. మొదటిది దేవతలకథ, తక్కిన రెండును రాజులకథలు. నాఁటికి జపానీయులకు స్వంతలిపి లేదు. చీనాలిపిలోని యక్షరములనే కొన్నిచోట్ల నర్థమునుబట్టియు, కొన్నిచోట్ల నుచ్చారణమునుబట్టియు వాడి తమ భాషను వ్రాయవలసివచ్చెను. అర్థమునుబట్టి వ్రాసినచో మాట మనసునకు సరిపడదనియు, ఉచ్చారణమునుబట్టి వ్రాసినచో వాక్యము మితిమీఱి పెరుఁగుననియు యసుమరో పీఠికయందుఁ దన కష్టమును జెప్పుకొనెను. పరలిపితో దేశభాషను వ్రాయఁబూనినవాని యిక్కట్టునకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము దొరకుట యరిది.

ఎనిమిదేండ్ల పిమ్మట, 720వ సంవత్సరమున, తొనెరి యను రాజకుమారుని యాధిపత్యమున 'నిహొన్ షొకి' యను రెండవ యితిహాసము వెలువడెను. దీనినే 'నిహొంగి' యనియు నందురు. ఇది ముప్పది సంపుటముల గ్రంథము. చీనాభాషలో, చీనారాజవంశ చరిత్రముల ననుసరించి, సంవత్సర మాస దినములతో వ్రాయఁబడినది. జితొ చక్రవర్తిని 697వ సంవత్సరమున సింహాసనము విడుచుటతో ముగియును. విమర్శకునకు దీనియందొక గొప్పమేలు కలదు. దేవతాకాండమున నొకేకథకుఁ బాఠాంతరము లున్నచో గ్రంథకర్తలు వానిని మఱుఁగుపఱుపక, మఱియొక గ్రంథమున నిట్లున్నదని చెప్పుచు వరుసగా నిచ్చిరి. 'కొజికి' కథ నొక్కత్రోవను నడిపినది. 'నిహొంగి' పెక్కుత్రోవలను జూపినది. కావున నీ రెంటిని జేర్చి చదువనివానికి జపానీయ పురాణకథల స్వరూపము తెలియదు.

ఈ యితిహాసముల ప్రకారము మొదటి చక్రవర్తి జిమ్ము. ఆతఁడు క్రీస్తునకుఁ బూర్వము 660వ సంవత్సరమున రాజ్యమునకు వచ్చెనని 'నిహొంగి' కాలగణనమువలన నేర్పడుచున్నది. ఆతఁడు 127 ఏండ్లు జీవించెనని 'నిహొంగి'యు, 137 ఏండ్లని 'కొజికి'యుఁ జెప్పును. తరువాతి రాజులలోఁ బెక్కండ్రకు నూఱేండ్లకు మించిన యాయువు చెప్పఁబడినది. చీనాదేశమునుండి వచ్చిన జ్యోతిష కాలచక్రమునకు సరిపడునట్లు రాజవంశారంభమును వెనుకకుఁ ద్రోసి, నడుమనున్న రాజుల కాయువును బెంచి, గ్రంథకర్తలు కాలమును నింపిరని విమర్శకులు నిర్ణయించిరి. ఇంతియ కాదు, క్రీ. శ. మూఁడవ శతాబ్దపు చీనాచరిత్రమున హిమికొ యను రాణి ద్వీపమునందలి యనేకజనపదముల కధీశ్వరియై చీనాకు రాయబారము పంపినట్లున్నది. ఆ పేరుగల రాణి జపానీయ రాజపరంపరలో లేదు.

ఈ గ్రంథములకు శాస్త్రీయమైన వ్యాఖ్యానము మొదట వ్రాసినవాఁడు మొతొఓరి నొరినాగ (1730–1801). ఆతఁడు మత్సుసక పట్టణమున వైద్యవృత్తిచే జీవించెను. 1763వ సంవత్సరమున నావూరికి వచ్చిన వృద్ధపండితుఁడగు కమొ నొ మబుచి నొక్కరాత్రి దర్శించి, 'కొజికి' పఠనమునకు మొదటిమెట్టు ప్రాచీనగీతముల భాషను నేర్చుటయే యని యుపదేశమును బొందెను. మఱుసటియేఁట నారంభించిన 'కొజికి దెన్' అను వ్యాఖ్య 1798వ సంవత్సరమున ముగిసినది. అది నలువదినాలుగు సంపుటములు. శబ్దనిర్ణయమున నొరినాగ యసమానుఁడు. చీనా యక్షరముల తెరవెనుక నున్న దేశ్యశబ్దముల నుచ్చారణము నాతఁడు పదము పదముగా నుద్ధరించెను. అయినను గథావిషయమున నాతనికి సంశయము లేదు. దేవతలు చేసినవన్నియు జరిగినవే యని నమ్మెను. భాషావిమర్శమునందు నిశితమైన బుద్ధి విశ్వాసము చెంత నాఁగిపోవుట కీ మహావ్యాఖ్య యుదాహరణము.

ఆ యాఁగినచోటనుండి ముందునకు నడచినవాఁడు త్సుద సోకిచి. ఆతఁడు వసెద విశ్వవిద్యాలయమున నాచార్యుఁడు. 1913వ సంవత్సరము మొదలుకొని తాను వ్రాసిన గ్రంథములలో నాతఁడు రెండు యితిహాసములను పంక్తి పంక్తిగాఁ బోల్చి, దేవతాకాండమును బ్రాచీనరాజుల కథలును జరిగినవిషయములు కావనియు, రాజకులముయొక్క యధికారమును స్థాపించుటకై యాఱవశతాబ్ద ప్రాంతమునుండి యాస్థానమునఁ గూర్పఁబడినవనియు వాదించెను. ఈ గ్రంథము లెల్లరును జదువుచుండఁగా నిరువదియేండ్లకు మించి గడచినవి. కాని 1940వ సంవత్సరము జిమ్ము రాజ్యాభిషేకమునకు 2600వ వత్సర మని ప్రభుత్వము మహోత్సవము సేయించెను. ఆయేఁడే త్సుద గ్రంథములు నాలుగు నిషేధింపఁబడెను. ఆతఁ డాచార్యపదవిని విడిచెను. ఆతని మీఁదను, ప్రకాశకుఁడైన ఇవనామి షిగెఓ మీఁదను రాజకులగౌరవమునకు భంగము చేసిరని నేరము మోపఁబడెను. 1942వ సంవత్సరమున న్యాయస్థానము త్సుదకు మూఁడుమాసములును, ఇవనామికి రెండుమాసములును శిక్ష విధించి, దాని యమలును నిలిపెను. ఉభయపక్షములును బై న్యాయస్థానమునకుఁ బోఁగా, గడువు మీఱినదను హేతువుచేత 1944వ సంవత్సరమున నభియోగము కొట్టివేయఁబడెను.

యుద్ధానంతరమున దేశము మాఱెను. నిన్నటి నేరము నేఁటి విద్య యయ్యెను. నాఁడు త్సుద రాజపదమునకు శత్రువని కొందఱును, అట్టివాఁడు కావలెనని కొందఱును భావించిరి. కాని యాతఁడు 1946వ సంవత్సరమునఁ బ్రకటించిన వ్యాసమున రాజపదము జపానుప్రజలతోఁ బెనవేసికొనిపోయినదనియు, అది నిలువవలసినదే యనియు వ్రాసి, తన్నుఁ బొగడువారినే యాశ్చర్యపఱచెను. కథ కల్పితమని చెప్పుట వేఱు, ఆ కథను జెప్పుకొనిన ప్రజలయెడ ననాదరము చూపుట వేఱు అని యాతని తాత్పర్యము. 1949వ సంవత్సరమునఁ బ్రభుత్వ మాతనికి సంస్కృతిపురస్కారము నిచ్చి గౌరవించినది.

విమర్శము కూల్చునదియే యని తలఁచువారికి శాసనములు ప్రత్యుత్తర మిచ్చినవి. 1968వ సంవత్సరమున సైతమ ప్రాంతమునందలి ఇనరియమ సమాధిదిబ్బలో నొక యినుపఖడ్గము దొరకెను. త్రుప్పునుండి కాపాడు ప్రయత్నమున 1978లో దానిని ఎక్సురే కిరణములతోఁ బరీక్షింపఁగా, రెండుప్రక్కలను బంగారుతీఁగతోఁ బొదిగిన 115 యక్షరములు కానవచ్చినవి. అందు వకతకెరు మహారాజు పేరును, ఆతనిఁ గొలిచిన వీరుని యెనిమిదితరముల వంశావళియుఁ గలవు. ఆ రాజు ఇతిహాసములలోని యూర్యకు చక్రవర్తియే యని పండితుల నిర్ణయము. శాసనమున సంవత్సరము షష్టిచక్రమునుబట్టి చెప్పఁబడినందున, ప్రభవాది వర్షములతోఁ గూడిన మన శాసనములందువలెనే యఱువదేండ్ల సంశయము కలదు, క్రీ. శ. 471 అనుటయే బహుజనసమ్మతము. 1979వ సంవత్సరమున నారా నగరసమీపమునఁ దేయాకుతోఁట తవ్వుచుండఁగా నొక రాగిరేకు బయలుపడెను. అది 723లో మరణించిన ఓ నొ యసుమరో సమాధిలేఖనము. 'కొజికి' పీఠికను గూటమని శంకించినవారికి గ్రంథకర్త యున్నాఁడనుట యిట్లు రుజువయ్యెను. అయినను నారేకునందు 'కొజికి' ప్రసక్తి లేదు. కావున నది యసుమరో యునికిని స్థాపించునే కాని పీఠికలోని ప్రతివాక్యమును స్థాపింపదు.

ఇతిహాసములయెడ నీ సంశయ మాధునికులకే కలిగినదనుట సరికాదు. మురసకి షికిబు యను విదుషి పదునొకండవ శతాబ్దారంభమున నంతఃపురమున నుండి 'గెంజి మొనొగతరి' యను నేఁబదినాలుగధ్యాయముల కథాగ్రంథమును రచించెను. అందు 'మిణుఁగురులు' అను నధ్యాయమునఁ గథానాయకుఁడు, కథలు చదువుచున్న యువతిని మొదట నెగతాళి చేసి, పిదప 'నిహొంగి' వంటి చరిత్రములందుఁ గానవచ్చునది లోకములో నొకపార్శ్వము మాత్రమే యనియు, మనుష్యుల బ్రతుకులోని సూక్ష్మములు కథలయందే నిలుచుననియు నొప్పుకొనును. ఆ గ్రంథమును విన్న చక్రవర్తి, దీనిని వ్రాసినయామె 'నిహొంగి'ని జదివియుండవలెనని మెచ్చుకొనెననియు, దానిని బట్టి తోడిపరిచారిక యొకతె తన్ను 'నిహొంగి యమ్మగారు' అని వేళాకోళము చేసెననియు మురసకి తన దినచర్యలో వ్రాసికొన్నది. తమ్ముఁడు చీనాగ్రంథములు వల్లెవేయుచుండఁగా విని తాను నేర్చికొంటిననియు, ఇది మగపిల్లవాఁడు కాకపోయెఁ గదా యని తండ్రి వగచెననియు నాదినచర్యయందే యున్నది.

నాఁడు పురుషులు రాజకార్యములను జీనాభాషలో వ్రాయుచుండిరి. చీనా యక్షరములను గుదించి యేర్పఱచిన 'కన' యను దేశీయలిపి స్త్రీల చేతివ్రాఁతగాఁ బేరొందెను. కి నొ త్సురయుకి యను మహాకవి సైతము తన 'తొస' యాత్రాదినచర్యను గనలిపిలో వ్రాయఁగోరి, స్త్రీ వ్రాసినట్లుగాఁ గల్పించి వ్రాసెను. పండితభాషకు వెలియైనదని తలఁపఁబడిన యీ లిపియందే మురసకి గ్రంథమును, సెయి షొనాగొన్ రచించిన 'మకుర నొ సోషి' యనెడి చిత్రవ్యాససంపుటియుఁ బుట్టినవి. రాజాజ్ఞచేతఁ బుట్టిన గ్రంథములకంటె నీ యనాజ్ఞాపిత గ్రంథములే యానాఁటి యాచారములకు, వస్త్రధారణమునకు, మనోవృత్తులకు మేలైన సాక్ష్యములు. కాని యివి రాజధానిలోని కొలఁదిమంది కులీనుల జీవితమునకే సాక్ష్యములు; పొలము దున్నినవాని మాట వీనియందు వినఁబడుట యరుదు.

ఆ మాట వినఁగోరువారు 'మన్యోషూ' యను గీతసంకలనము నాశ్రయింపవలెను. ఇది యిరువది సంపుటముల గ్రంథము. దాదాపు 4500 గీతములు కలది. అందుఁ గాలము తెలిసినవానిలోఁ గడపటిది 759వ సంవత్సరమునాఁటిది. హితొమరో వంటి యాస్థానకవుల గీతములతోపాటు, తూర్పునాటి జనుల పాటలును, పడమటితీరమునఁ గావలికిఁ బంపఁబడిన సైనికులు తలిదండ్రులను భార్యలను దలఁచికొని పాడిన పాటలును, వారి మాండలిక రూపములతోనే చేర్పఁబడినవి. యమనొవె నొ ఒకుర యను కవి పన్నుకై పీడింపఁబడిన పేదవాని గుడిసెను వర్ణించెను. భాషాచరిత్రమునకును, సామాన్యజనచరిత్రమునకును నిది యొక గని. తరువాతి కాలమున గుడ్డి గాయకులు బివ యను తంత్రీవాద్యముపైఁ బాడిన 'హెయికె మొనొగతరి', 1185లో సముద్రయుద్ధమున నశించిన తైర వంశముయొక్క కథ. మన పల్నాటి వీరకథవలె నిదియు గాయకుల నోటఁ బెరిగినది. 1371లోఁ గకుయిచి యను గాయకుఁడు చెప్పి వ్రాయించిన పాఠము నేఁడు ప్రధానము. దీని యుపక్రమమున స్మరింపఁబడిన ఘంట మన శ్రావస్తి జేతవనమునందలిది. యుద్ధవృత్తాంతమునకు దీనిని నమ్మునపుడు జాగరూకత వలయును. అనిత్యతాభావ మానాఁటి జనుల నెట్లాక్రమించెనో తెలిసికొనుటకు నింతకంటె వేఱుగ్రంథ మక్కఱలేదు.

జపానుభాష నేరనివారు పరివర్తనముల నాశ్రయింపక తప్పదు. 'కొజికి'ని జేంబర్లేను 1882లో నాంగ్లీకరించెను. శ్రద్ధాయుతమైన పరివర్తనమే కాని, తనకాలపు మర్యాదకు జడిసి యశ్లీలమని తోఁచిన ఘట్టములను లాటిను భాషలో దాఁచెను. ఆ లోపము ఫిలిపై 1968లోఁ బ్రకటించిన పరివర్తనమునఁ దీఱినది. 'నిహొంగి'కి 1896లో వెలువడిన ఆస్టను పరివర్తనము ప్రసిద్ధము. 'గెంజి' గ్రంథమున మొదటి పదునేడధ్యాయములను సుయెమత్సు కెంచో 1882లో నాంగ్లీకరించెను. 1925–33 నడుమ నాఱుసంపుటములుగా వెలువడిన ఆర్థరు వేలీ పరివర్తనము మనోహరము. దానివలననే యాగ్రంథమునకు లోకవిఖ్యాతి కలిగినది. కాని వేలీ ముప్పదియెనిమిదవ యధ్యాయమును బూర్తిగా విడిచిపెట్టెను; తక్కినచోట్లను స్వాతంత్ర్యము వహించెను. ప్రమాణముగా నుదాహరింపవలసినవారు 1976లోని సైడెన్‌స్టికరు పరివర్తనమునో, 2001లోని టైలరు పరివర్తనమునో చూచుట మేలు.

జపానీయులు తమ్ముఁ గూర్చి పరులకై వ్రాసిన గ్రంథములందు నితొబె ఇనజో వ్రాసిన 'బుషిదో' (1900) యెల్లరకుఁ దెలిసినది. నితొబె క్రైస్తవుఁడు, గ్రంథ మాంగ్లమున వ్రాయఁబడినది, సామురాయిల ఖడ్గధారణము 1876లోనే నిషేధింపఁబడినది. గడచిపోయిన వర్గముయొక్క ధర్మమును బాశ్చాత్యనీతితోఁ బోల్చి సమస్తజాతికి నాపాదించిన గ్రంథమది. పందొమ్మిదవ శతాబ్దాంతపు విద్యావంతుఁడగు జపానీయుఁడు తనదేశమును లోకమున కెట్లు చూపఁదలఁచెనో దానికిది సాక్ష్యము. పూర్వయోధుల నడవడికిఁ గాదు. 1912లోఁ జేంబర్లేనే యీ ధర్మము పేరు నూతనముగాఁ గల్పింపఁబడినదని యాక్షేపించెను. ఒకకుర కకుజో వ్రాసిన 'ప్రాచ్యాదర్శములు' (1903) సోదరి నివేదిత పీఠికతో వెలువడినది. గ్రంథకర్త 1902లోఁ గలకత్తాలో నుండి వివేకానంద రవీంద్రులతో మెలఁగినవాఁడు. ఆతని 'తేనీటిపొత్తము' (1906) చిన్నదైనను సౌందర్యతత్త్వమున గంభీరమైనది. రూతు బెనెడిక్టు వ్రాసిన 'చామంతియు ఖడ్గమును' (1946) అమెరికా యుద్ధకార్యాలయపు పరిశోధనమునుండి పుట్టినది. ఆమె జపానును గన్నులఁ జూడలేదు. ఆ సంగతి నెఱిఁగి చదువువారికది యిప్పటికిని నుపయోగకరము.

శిల్పచిత్రములకు గ్రంథములకంటె వస్తువులే ప్రమాణములు. హోర్యూజి విహారమున యుమెదొనొ మందిరమునందు శతాబ్దములుగా మూయఁబడియున్న కన్నొను విగ్రహమును 1884లో ఫెనొలోసా, ఒకకురలు తెఱపించి, చుట్టిన వస్త్రములను విప్పించి చూచిరి. ఫెనొలోసా మరణానంతరము 1912లో వెలువడిన చీనా జపాను శిల్పచరిత్రమున నీ వృత్తాంత మున్నది. ఆ విహారమునందే యజంతాచిత్రములకు సోదరప్రాయములని పేరొందిన కుడ్యచిత్రము లుండెడివి. 1949 జనవరి 26వ తేదీని నగ్నిప్రమాదమున నవి మాడిపోయెను. 1935లోఁ దీసిన ఛాయాచిత్రములవలననే వాని సౌందర్యము నేఁడు గ్రహింపవలసియున్నది. మఱుసటియేఁట జపానుప్రభుత్వము సాంస్కృతికసంపద రక్షణశాసనమును జేసెను.

భారతీయునకీ గ్రంథములు కేవలము పరదేశీయములు కావు. హోర్యూజియందు దాఁపఁబడిన తాళపత్రములలోని ప్రజ్ఞాపారమితా హృదయమును, ఉష్ణీషవిజయ ధారణిని మాక్సుముల్లరును, నంజియో బున్యూయును 1884లో నాక్సుఫర్డునఁ బ్రకటించిరి. 752లోఁ దోదైజి మహాబుద్ధవిగ్రహమునకు నేత్రోన్మీలనము చేసినవాఁడు భారతదేశమునుండి వెళ్లిన బోధిసేనుఁడు. నేఁటి జపానుబాలురు వల్లించు కనాక్షరముల క్రమము సంస్కృత వర్ణసమామ్నాయమునుండి పుట్టినది. ఆంధ్రదేశమునందలి శ్రీపర్వతముతో సంప్రదాయము ముడివెట్టిన నాగార్జునాచార్యుని జపానీయ బౌద్ధు లెనిమిది శాఖలకు మూలపురుషునిగాఁ గొలుతురు. దక్షిణభారతమునందలి లోహస్తూపమున నాతఁడు మంత్రశాస్త్రమును గ్రహించెనని షింగొను శాఖవారి గాథ. ఇదియు గాథయే, చరిత్రముగా నుదాహరింపరాదు. పరదేశ పురాణములను విమర్శించు కన్నుతోనే మనకుఁ బ్రియమైన కథలనుగూడఁ జూడవలసియుండును.

కావునఁ బఠనక్రమ మిట్లుండుట మేలు. మొదట సాన్సమ్ వ్రాసిన సంక్షిప్త సాంస్కృతికచరిత్రము (1931) చదివి కాలక్రమమును బట్టుకొనవలెను. విస్తరము కావలసినవారి కాతఁడే 1958–63 నడుమఁ బ్రకటించిన మూఁడుసంపుటముల చరిత్ర మున్నది. పిదప డొనాల్డు కీను కూర్చిన సారస్వతసంకలనముతో (1955) మూలగ్రంథముల రుచి నెఱుఁగవలెను. ఆపై 'మన్యోషూ' గీతములను, 'మకుర నొ సోషి'ని, 'గెంజి'ని జదువవలెను. 'కొజికి', 'నిహొంగి'ల నీ తరువాతనే ముట్టుట మంచిది. ఏలయన, ముందుగాఁ జదివినవాఁడు వానిని జరిగినచరిత్రమని నమ్మును, లేదా కట్టుకథలని త్రోసివేయును. మనుష్యుల బ్రతుకును గీతములందును గథలందును జూచి వచ్చినవాఁడు, రాజులు తమ్ముఁ గూర్చి యేల యట్లు వ్రాయించికొనిరో విచారింపఁగలఁడు. త్సుద సోకిచి చేసినపని యదియే. మురసకి షికిబు తొమ్మిదివందల యేండ్లకు ముందే మిణుఁగురుల యధ్యాయమునఁ దలఁచినదియు నదియే.